లంగా ఎవరిది? లాగు ఎవరిది?

మగపిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించే ముందు జడవేసి, పూలుపెట్టి, పట్టులంగా కట్టి ఫొటో తీయించడం మన ఇళ్ళల్లో మామూలే. ఆ ఫొటో చూసి అందరం మురిసిపోతాం. అదే పిల్లవాడు పదేళ్ళ వయసులో అక్క లంగా కట్టుకుంటే వీపు పగులుతుంది. ఈలోగా మారిందేమిటి?

19వ శతాబ్దపు అమెరికాలో మగపిల్లలు కూడా ఐదారేళ్ళదాకా గౌన్లే తొడుక్కునేవారు. ఆ శతాబ్దం ద్వితీయార్ధంలో పైన కోటు, కింద కుచ్చిళ్ళ లంగా ఉండే సూట్లు చిన్న అబ్బాయిలకు ఫాషనయ్యాయి. తర్వాత దేశాధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 1884లో, రెండేళ్ళ వయసులో, గౌనుతో, పొడవాటి జుట్టుతో దిగిన ఫొటో ఇప్పటికీ ఉంది. ఆనాడు లంగా పసితనానికి గుర్తు. అబ్బాయికి తొలి లాగు తొడిగిన రోజు ఇంట్లో ఒక ఘట్టం. అక్కణ్ణించి బడి, వీధి, లోకం అతనివి. అమ్మాయికి మాత్రం వయసుతోపాటు లంగా పొడవు పెరిగేది. పసితనపు గుర్తు ఆమె ఒంటిమీద జీవితాంతం ఉండిపోయింది. నన్ను ఆలోచింపజేసేది ఇదే.

మన దగ్గర అమ్మాయికి ఓణీ వేడుక చేస్తాం. లాగు అబ్బాయికి వీధి తలుపు తెరిస్తే, ఓణీ అమ్మాయికి ఆ తలుపు మూస్తుంది. ఆటలు ఆగుతాయి, చాలాచోట్ల చదువూ ఆగుతుంది, పెళ్ళిమాటలు మొదలవుతాయి.

మరి మగవాళ్ళ సంగతి? ఆదోని మండలం సంతెకుడ్లూరులో హోళీకి మగవాళ్ళు చీరలు కట్టి, నగలు పెట్టుకుని రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు. అదే ప్రాంతంలో, దేవరగట్టులో దసరా రాత్రి మాళమల్లేశ్వరుని ఉత్సవంలో మగవాళ్ళు తలలు పగిలేలా కర్రలతో కొట్టుకుంటారు. రెండూ భక్తే. ఒక పండక్కి చీర, ఇంకో పండక్కి కర్ర అంటే, మగతనం కూడా తొడుక్కునేదేనన్నమాట.

అయితే మర్నాడు చీర విప్పేసే మగవాడికే ఈ గౌరవం. విప్పనన్న వారికి శిక్ష. హైదరాబాదు సంస్థానంలో 1919 నాటి చట్టం ఆడబట్టలతో బయట కనిపించిన హిజ్రాలను వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో!

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో బాల్యవివాహాల గురించి, బడి మానేసిన అమ్మాయిల గురించి మాట్లాడే మన కార్యకర్తలు ఓణీ గురించి కూడా మాట్లాడాలి. వేడుక వద్దనడం నా ఉద్దేశం కాదు. ఓణీ వేసిన మర్నాడు ఆ అమ్మాయి బడికి వెళ్ళిందా, లేదా అని ప్రతి ఇంటా అడుగుదాం.