మోత ఎవరు భరించాలి?

ఇంట్లో యంత్రం మోత పెడితే సర్దుకుపోయేది ఎవరు? మాట చెల్లనివారే. ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. నిరుడు వేసవి సెలవుల్లో మా హాల్లో కళ్లారా చూసిన సంగతి.

మాది వ్యవసాయ కుటుంబం. ఇంటికంతా ఒక్కటే హాలు. భోజనాలు అక్కడే, చెల్లెలి చదువు అక్కడే, నాయనమ్మ మంచమూ అక్కడే. మూలపడిన పాత కంప్యూటరును టీవీకి తగిలించి, అందులో నేను దాచుకున్న సినిమాలు అందరికీ చూపిద్దామని ఉత్సాహపడ్డాను. మొదటిరోజు ‘మాయాబజార్’ పెట్టాను. 1957 నాటి ఆ చిత్రమంటే నాయనమ్మకు ప్రాణం. అయిదు నిమిషాలు కాకుండానే, “ఒరేయ్ అబ్బాయ్, ఆ డబ్బా హోరులో మాటలు వినబడటంలేదురా” అంది. టీవీ సౌండు పెంచాను. చెల్లెలు పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడోరోజుకు నాయనమ్మ సినిమా అడగటమే మానేసింది. “మీరు చూసుకోండిరా, నాకెందుకు” అన్న ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

బి.ఎస్సీ. మూడవ సంవత్సరం చదువుతున్నవాణ్ణి. డెసిబెల్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఏం లాభం?

నాన్నతో చెప్పుకుంటే నవ్వాడు. “బావి దగ్గర మోటారు గట్టిగా అరిచిందంటే నీళ్లు ఎక్కువ పోస్తున్నట్టు కాదురా. ముందు మోత ఎక్కడిదో విను” అన్నాడు.

ప్లగ్గు తీసి మూత విప్పాను. లోపల పత్తి దూదిలా దుమ్ము! అది దులిపి, మళ్లీ నడిపి, చెవిపెట్టి విన్నాను. దొంగలు ముగ్గురు దొరికారు. ఒకటి, ప్రాసెసరు మీద గిర్రున తిరిగే 80 మిల్లీమీటర్ల ఫ్యాను. రెండు, బల్లను కూడా తనతోపాటు అదరగొట్టే హార్డ్ డిస్కు. మూడు, వీడియో విప్పే పని మొత్తం ప్రాసెసరు మీదే పడి పుట్టే వేడి.

ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది. మోత మాత్రం సుమారు 15 డెసిబెల్లు పడిపోతుంది. 10 డెసిబెల్లు తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది. అందుచేత చిన్న ఫ్యాను వేగంగా తిరిగేకంటే పెద్దది నెమ్మదిగా తిరగటం మేలు. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న కూలరు బిగించాను. కంప్యూటరు నడిచే డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డి. పెట్టాను, అందులో తిరిగేదేమీ లేదు. సినిమాలున్న పాత డిస్కు కింద సైకిల్ ట్యూబు ముక్కలు వేశాను. వీడియో విప్పే పనిని గ్రాఫిక్స్ భాగానికి అప్పగించాను.

అంతటితో ఊరుకున్నానా? ఫ్యానే లేకుండా నడిపి మిత్రుల ముందు గొప్ప చెప్పుకుందామనుకున్నాను. మే నెల మధ్యాహ్నం బొమ్మ ఆగి ఆగి నడిచింది. గదిలో గాలే 40 డిగ్రీలుంటే, ఆ గాలి కదలకపోతే, వేడి ఎక్కడికి పోతుంది? ప్రాసెసరు తన్ను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంది. ఫ్యాను మళ్లీ పెట్టాను. మోత సున్నా కావాలన్నది నా పంతం. నాయనమ్మకు కావలసింది మాటలు వినబడటం. రెండూ ఒకటి కావు.

టీవీకి తగిలించే చిన్న స్టిక్కు కొంటే పోయేదిగా అని మీరనవచ్చు. మా ఊళ్లో నెట్ నిలకడగా ఉండదు. పైగా ఇంట్లో ఉన్న యంత్రాన్ని చెత్తలో పారేయటమెందుకు? అయితే ఒక హెచ్చరిక: పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచే ఉంటుంది.

మిత్రులారా! ప్రశాంతత ధనవంతుల విలాసం కాదు. ఒక్క గదిలో నలుగురు బతికే ఇంటికే అది ఎక్కువ అవసరం. గురువులకూ ఒక మనవి. ప్రయోగశాలలో ట్యూనింగ్ ఫోర్కు మోగించిన తరువాత, “మీ ఇంట్లో ఏది మోత పెడుతోంది, దానికి ఎవరు సర్దుకుంటున్నారు?” అని కూడా మమ్మల్ని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతికితే శాస్త్రం ఇంటిదాకా వస్తుంది.

ఇప్పుడు నాయనమ్మ టీవీ ముందు కూర్చుని, తెరమీది వాళ్లకంటే ముందే మాటలన్నీ చెప్పేస్తోంది. చెల్లెలు మళ్లీ వంటింట్లోకే పోతోంది. ఆ మోతకు మాత్రం మందు నా దగ్గర లేదు!