స్టన్ గన్ ఎవరిని రక్షిస్తుంది?

ద్వారకా తిరుమల నుండి భీమడోలు వచ్చే బస్సులో ఒక తండ్రి తన కూతురి చేతి సంచిలో టార్చిలైటు వంటి వస్తువొకటి పెట్టి, “దగ్గర ఉంచుకో అమ్మా, ఎవడైనా మీదికొస్తే మీట నొక్కు” అని చెప్పడం ఇటీవల చూశాను. పిల్ల తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్నది. ఆ వస్తువు స్టన్ గన్. ఆ తండ్రి భయాన్ని చూసి నవ్వేవాడు మనిషి కాడు. కాని ఆ భయాన్ని సొమ్ము చేసుకునే వర్తకాన్ని, దానిని చూసీ చూడనట్లున్న ప్రభుత్వాన్ని ప్రశ్నించక ఊరుకునేవాడు అభ్యుదయవాదీ కాడు.

మొదట వస్తువు సంగతి చూద్దాం. పెట్టె మీద లక్షల వోల్టులని అచ్చువేస్తారు. ఆ అంకె కొనేవాని కోసం. శరీరం మీద పనిచేసేది ప్రవహించే కరెంటు. అది ఎంత, ఎంతసేపు, ఏ దారిన ప్రవహించిందన్నదే అసలు విషయం. పోలీసుల టేజరు తీగలతో ముళ్లను దూరంగా విసిరి కండరాలను బిగదీస్తుంది. సంచిలోని స్టన్ గన్ అలాంటిది కాదు. దాని రెండు మొనలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. ఎదుటివాని ఒంటికి ఆనించి పట్టుకోవాలి. అప్పుడు కలిగేది ముఖ్యంగా నొప్పి. అనగా ఎవనికి దూరంగా పారిపోవాలో వానికే చేయి అందించాలి. వాడు బలవంతుడైతే అదే చేయి విరిచి, అదే మీట ఆమె మీద నొక్కుతాడు. మందపు బట్టలు అడ్డుపడతాయి. సారా కలిసిన స్ప్రే పక్కన నిప్పురవ్వ లేస్తే మంట అంటుకోవచ్చు. ఇక శిక్షణ పొందిన చేతులలోనైనా ఇది నిరపాయమా? 2007 అక్టోబరులో వాంకూవరు విమానాశ్రయంలో రాబర్ట్ జికాన్‌స్కీ అనే పోలండు వలస కార్మికుడు పోలీసులు పదేపదే టేజరు ప్రయోగించగా మరణించాడు. చెరువుగట్ల మీద ఏరేటర్ల తీగలు తగిలి కూలీలు ప్రాణాలు కోల్పోయే కొల్లేటి సీమకు కరెంటుతో చెలగాటమేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

చట్టం మాటేమిటి? 1959 ఆయుధాల చట్టం క్రింద 2016లో వచ్చిన నియమావళి, విద్యుత్తుతో మనిషిని నిశ్చేష్టుణ్ణి చేసే పరికరాలను లైసెన్సు కావలసిన ఆయుధాల లెక్కలో చేర్చింది. కాబట్టి ఆ తండ్రి తెలియక కూతురి సంచిలో పెట్టింది రక్షణ కాదు, ఒక కేసు. అమ్మినవాడు డబ్బు చేసుకున్నాడు. జవాబు చెప్పుకోవలసినది పిల్ల. ఆత్మరక్షణ హక్కును మాత్రం 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా 34 మొదలు 44 వరకు సెక్షన్లలో గుర్తించింది. ఆ హక్కుకు ఈ టార్చిలైటు అక్కరలేదు.

అయితే అసలు ప్రశ్న వేరే ఉన్నది. ఈ మీట ఎవరి మీద నొక్కాలి? స్టన్ గన్ అమ్మేవాని కథలో శత్రువు ఎప్పుడూ చీకటి సందులోని అపరిచితుడే. జాతీయ నేర గణాంకాలు ఏటా వేరే కథ చెబుతున్నాయి. అత్యాచారం కేసులలో నూటికి తొంభైకి పైగా నిందితుడు బాధితురాలు ఎరిగినవాడే: బంధువు, ఇరుగుపొరుగు, యజమాని, ప్రేమ నటించినవాడు. రొయ్యల షెడ్డులో చలికి చేతులు కొంకర్లు పోతున్న స్త్రీ మేస్త్రీ మీద మీట నొక్కగలదా? నొక్కితే మర్నాడు ఆమెకు పని ఉంటుందా? రాజస్థాన్‌లో 1992లో భన్వరీ దేవిపై జరిగిన అత్యాచారం 1997 విశాఖ తీర్పుకు దారి తీసింది. ఆ తీర్పు 2013 చట్టానికి దారి తీసింది. పదిమంది పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలని ఆ చట్టం ఆదేశిస్తున్నది. మన షెడ్లలో, మిల్లులలో, కళాశాలలలో ఆ కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఎక్కడ కనిపిస్తాయో పాఠకులే చూసి చెప్పాలి.

2019 నవంబరులో శంషాబాద్ వద్ద జరిగిన ఘోరం తరువాత పాలకులు చేసినదేమి? నిందితులు నలుగురిని డిసెంబరు 6న పోలీసులు కాల్చి చంపారు, పూలు చల్లించుకున్నారు. ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే డిసెంబరులో ఆమోదించిన దిశ బిల్లు చట్టమై అమలులోకి రానేలేదు. యాప్ మాత్రం వచ్చింది. ప్రభుత్వం మారాక 2025లో పేరు మార్చుకుని ఇంకొకటి వచ్చింది. తుపాకి, యాప్, స్టన్ గన్: మూడింటిలోనూ భావం ఒకటే. సంఘం మారనక్కరలేదు, మీట ఉంటే చాలు!

“సంఘం మారేదాకా ఆడపిల్ల దెబ్బలు తినాలా?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి డ్యూటీ దిగి ఒంటరిగా నడిచే నర్సు చేతికందినది పట్టుకుంటే తప్పు పట్టే హక్కు నాకు లేదు. నా తగాదా ఆమెతో కాదు. ఆమె సంచిలో ఆయుధం పెట్టి, ఇక నీ రక్షణ నీదే పొమ్మని చేతులు దులుపుకునే వ్యవస్థతో. రేపు ఆమెకు అపాయం జరిగితే, “స్టన్ గన్ ఎందుకు తీసుకెళ్లలేదు?” అని ఆమెనే నిలదీస్తారు. నిన్న “ఆ వేళకు ఎందుకు వెళ్లావు?” అన్నవారే వీరు.

తెలంగాణా పోరాటంలో స్త్రీలు రోకలిబండలు, కారపు పొడి పట్టుకుని గూండాలను ఎదిరించారు. కారం వారికి బలమివ్వలేదు. వెనుక నిలిచిన సంఘం ఇచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల చేతిలో ఏ ఆయుధమున్నది? వారు కలిసి కదిలారు. సారా దుకాణాలు మూతపడ్డాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తాగివచ్చి కొట్టే మొగుణ్ణి ఆపడానికి ఆ స్త్రీలు తలా ఒక ఆయుధం కొనుక్కోలేదు; ఆ తాగుడు అమ్మే అంగడినే మూయించారు.

విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! ఏలూరు నుండి ఊళ్లకు రాత్రి బస్సులు అడగండి. బస్టాండులలో దీపాలు అడగండి. మీ కళాశాల ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో అడగండి. పలుకు రాకపోతే ప్రిన్సిపాలు గది ముందు కూర్చోండి. షెడ్డులో పనిచేసే స్త్రీ ఫిర్యాదు చేస్తే, ఆమె పక్కన పదిమంది నిలబడేటట్లు చూడండి. బస్సులో ఆ తండ్రికి నేనిచ్చిన సలహా చిన్నది: ఆ వస్తువు తిరిగి ఇచ్చివేయమని. ఆయన, “మరి దీని బదులు ఏమివ్వమంటారు బాబూ?” అని అడిగాడు. ఆయనకు జవాబు చెప్పవలసినది మనమందరం.