పాత ఐపీ... కొత్త ఇల్లు!

'ఫలానావాళ్లబ్బాయి ఐపీ పెట్టాడట!'

ఊళ్లో ఈ మాట పుట్టిందంటే చాలు, సాయంత్రానికల్లా రచ్చబండ దాకా పాకుతుంది. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. చేసిన అప్పులు తీర్చే దారి లేదని కోర్టుకు చెప్పుకునే అర్జీ. పత్తి వ్యాపారం మునిగిందనో, చిట్టీలు తలకిందులయ్యాయనో, పురుగుమందుల దుకాణంలో ఇచ్చిన అరువులు తిరిగి రాలేదనో ఐపీ పెట్టినవాళ్లు కోర్టు ఉన్న ప్రతి పట్టణంలోనూ ఉంటారు. ఊరు ఆ మాటను మర్చిపోవడానికి చాలా ఏళ్లే పడుతుంది. మరి బ్యాంకు ఎన్నేళ్లకు మర్చిపోతుంది?

ఈ ప్రశ్న ఆ మనిషి కంటే ఎక్కువగా ఆయన భార్యను వేధిస్తుంది. భర్త వ్యాపారం దెబ్బతిన్నప్పుడు ఆమె ఉద్యోగమే ఇంటిని నిలబెట్టి ఉంటుంది. పిల్లల ఫీజులు, అద్దె, అత్తమామల మందులు... అన్నీ పోను నాలుగు రాళ్లు వెనకేసి సొంతింటి గురించి ఆలోచించే వేళకు బ్యాంకువాళ్లు అడుగుతారు: 'జాయింటుగా తీసుకుంటారా మేడమ్?' ఔనంటే ఆయన పాత కథ బయటికొస్తుంది. కాదంటే వచ్చే అప్పు తగ్గుతుంది. ఏది మేలు?

రెండు పేర్లు... రెండు జాతకాలు

భార్యాభర్తలు కలిసి గృహరుణం తీసుకుంటే ఇద్దరి ఆదాయాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి అప్పు ఎక్కువ వస్తుంది. ఇద్దరూ ఇంటికి యజమానులై, ఇద్దరూ అప్పు కడుతుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు సొంతంగా నివసించే ఇంటికి కట్టిన వడ్డీపై ఒక్కొక్కరు ఏడాదికి రూ.2 లక్షల దాకా మినహాయింపు పొందొచ్చు. ఇదంతా లాభం వైపు.

రెండోవైపు చూస్తే... బ్యాంకు ఇద్దరి రుణ చరిత్రనూ విడివిడిగా తెప్పించుకుంటుంది. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఆమెది ఎంత బాగున్నా ఆయనది బాగాలేకపోతే రెంటినీ కలిపి సగటు తీసి సరిపెట్టుకోరు. తక్కువ స్కోరున్న మనిషి దగ్గరే ఫైలు ఆగిపోవచ్చు. ఆగకపోయినా వడ్డీ పెరగొచ్చు.

అన్నట్టు, ఇంటి దస్తావేజులో పేరున్న ప్రతి ఒక్కరూ అప్పులోనూ చేరాలని బ్యాంకులు సాధారణంగా అడుగుతాయి. అప్పులో చేరిన ప్రతి ఒక్కరి పేరూ దస్తావేజులో ఉండాల్సిన పని మాత్రం లేదు. ఈ చిన్న తేడా తెలియక చాలామంది ముందే ఇద్దరి పేర్లతో అగ్రిమెంటు రాయించుకుని, తర్వాత తల పట్టుకుంటారు.

కోర్టు లెక్క వేరు... సిబిల్ లెక్క వేరు

ఐపీ పెట్టిన వెంటనే సిబిల్‌లో ఎర్రగీత పడుతుందని అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్... ఈ నాలుగు సంస్థల దగ్గరకు చేరేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల్లాంటి రుణసంస్థలు పంపే సమాచారం. ప్రామిసరీ నోటు మీద ఊళ్లో షావుకారు దగ్గర తెచ్చిన అప్పు అందులో ఉండదు. అన్నీ చేబదుళ్లే అయి ఐపీ పెట్టినవాడి నివేదిక శుభ్రంగా కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఇంకొకాయన ఉంటాడు. కోర్టు గుమ్మం ఎక్కలేదు. క్రెడిట్ కార్డు బాకీ లక్ష ఉంటే బ్యాంకుతో మాట్లాడుకుని నలభై వేలకు తెగ్గొట్టుకున్నాడు. 'నాకేం బాకీ లేదు' అని ధీమాగా ఉంటాడు. ఆయన నివేదికలో 'సెటిల్డ్' అని పడుతుంది. అంటే పూర్తిగా కట్టలేదని అర్థం. బ్యాంకు ఆశ వదులుకుని రద్దు పద్దులో వేస్తే 'రిటెన్ ఆఫ్' అని పడుతుంది. గృహరుణం ఇచ్చే అధికారి కంటికి ముందుగా కనిపించేవి ఈ రెండు మాటలే.

'ఏడేళ్లయితే అదే చెరిగిపోతుంది' అన్న ధైర్యమూ వద్దు. రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలన్నది నిబంధన. ఏడేళ్లకు కచ్చితంగా తీసేయాలని కాదు.

డిశ్చార్జి అయ్యిందా?

కోర్టు దివాలాదారుగా ప్రకటించినవాళ్ల విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలా ఇళ్లలో దీనికి జవాబు తెలియదు. 'ఐపీ అయిపోయింది కదా' అంటారు. అర్జీ పెట్టడం వేరు, కోర్టు దివాలాదారుగా ప్రకటించడం వేరు, ఆ తర్వాత డిశ్చార్జి ఆర్డరు రావడం వేరు.

ఇప్పటికీ మామూలు మనుషుల దివాలాకు తెలుగు రాష్ట్రాల్లో ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు మాత్రమే వర్తింపజేశారు. ఆ పాత చట్టం ఎంత పాతదంటే రూ.500 అప్పుంటే చాలు, ఐపీ పెట్టొచ్చని అందులో రాసి ఉంది!

పాతదే అయినా దాని పట్టు గట్టిది. దివాలాదారుగా ప్రకటించాక, డిశ్చార్జి అయ్యేలోపు ఆ మనిషి సంపాదించుకున్న ఆస్తి కూడా కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవరుకో దఖలు పడుతుంది. అంటే డిశ్చార్జి కాని భర్త పేరు కొత్త ఇంటి దస్తావేజులో చేరిస్తే, ఆయన వాటా మీద పాత అప్పులవాళ్లు కన్నేసే వీలుంటుంది. ఆమె పదేళ్ల కష్టం అందులో చిక్కుకుంటుంది. పైగా డిశ్చార్జి కానివాళ్లు ఆ సంగతి చెప్పకుండా రూ.50 లేదా అంతకు మించి అప్పు తీసుకున్నా నేరమే. ఆరు నెలల దాకా జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లక్షల గృహరుణం సంగతి చెప్పాలా!

డిశ్చార్జికి ఎంతకాలంలో దరఖాస్తు చేసుకోవాలో కోర్టు తన ఉత్తర్వులోనే చెబుతుంది. గడువులోగా చేసుకోకపోతే దివాలా ప్రకటనే రద్దు కావచ్చు. అప్పుడు పాత అప్పులవాళ్లు మళ్లీ వెంటపడతారు. డిశ్చార్జి వచ్చినా అన్నీ మాఫీ కావు. ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు, కోర్టు ఆదేశించిన భరణం మిగిలే ఉంటాయి.

భార్యలు తప్పకుండా తెలుసుకోవాల్సింది మరొకటి ఉంది. ఆయన పాత అప్పులకు ఆమె ష్యూరిటీ సంతకం చేసి ఉంటే... ఆయనకొచ్చిన డిశ్చార్జి ఆమెకు వర్తించదు. ఆ బాధ్యత ఆమెదే. ఆమె నివేదికలోనూ అది కనిపించొచ్చు.

ఓ లెక్క చూద్దాం

ఆమె ఉపాధ్యాయురాలు. చేతికొచ్చే జీతం రూ.50 వేలు. ఆయనది ఇప్పుడు రూ.30 వేల ఉద్యోగం. ఆదాయంలో సగం వాయిదాకు పోవచ్చని బ్యాంకు లెక్క వేసిందనుకుందాం. వడ్డీ 8.5 శాతం, గడువు ఇరవై ఏళ్లు. లక్షకు నెలవాయిదా సుమారు రూ.868.

ఇద్దరూ కలిస్తే రూ.46 లక్షల దాకా అప్పు పుడుతుంది. ఆమె ఒక్కతే అయితే సుమారు రూ.28 లక్షల 80 వేలు. తేడా రూ.17 లక్షలు! ఇది చూసే చాలామంది జాయింటు వైపు మొగ్గుతారు.

కానీ వాళ్లు కొనాలనుకుంటున్న ఇల్లు ఖరీదెంత? రూ.40 లక్షలనుకుందాం. అప్పు రూ.30 లక్షలు దాటి రూ.75 లక్షల లోపుంటే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు. అంటే జాయింటుగా వెళ్లినా ఈ ఇంటికి వచ్చేది గరిష్ఠంగా రూ.32 లక్షలే. ఆమె ఒక్కతే రూ.28 లక్షలు తీసుకుంటే సొంతంగా అదనంగా సర్దుకోవాల్సింది రూ.4 లక్షలు.

ఇప్పుడు రెండోవైపు. ఆయన పాత చరిత్ర చూసి ఏదో ఒక సంస్థ ఒక శాతం ఎక్కువ వడ్డీకి, అంటే 9.5 శాతానికి ఒప్పుకొందనుకుందాం. రూ.32 లక్షలపై నెలకు దాదాపు రూ.2,058 అదనం. ఇరవై ఏళ్లలో అది రూ.4 లక్షల 94 వేలు. ఆ నాలుగు లక్షలు కూడబెట్టేదాకా ఏడాది ఆగడమే నయమని ఈ లెక్క చెబుతోంది. ఇంటింటికీ అంకెలు మారతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఆమె పేరు ఒక్కటే పెడితే...

చాలామందికి మంచి దారి ఇదే. కొన్ని బ్యాంకులు మహిళలకు వడ్డీలో స్వల్ప రాయితీ కూడా ఇస్తున్నాయి. అప్పు చాలకపోతే సంపాదిస్తున్న కొడుకునో కూతురినో, పింఛను వచ్చే తల్లిదండ్రులనో తోడు దరఖాస్తుదారుగా చేర్చుకోవచ్చేమో అడగాలి.

అయితే ఆయన పేరు లేనంత మాత్రాన అన్నీ సర్దుకుపోవు. ఆయనకు ఇంకా డిశ్చార్జి కాకుండా, ఆయన డబ్బుతో ఆమె పేరిట కొంటే పాత అప్పులవాళ్లు ప్రశ్నించే అవకాశం ఉంది. ముందస్తు సొమ్ము ఆమె జీతం నుంచి, ఆమె పొదుపు నుంచి వచ్చిందని బ్యాంకు పాసుపుస్తకమే చెప్పాలి. పన్ను మినహాయింపూ ఆమె ఒక్కతికే.

ఇక మనసు సంగతి. 'ఇంటి మీద నా పేరే లేదా?' అన్న బాధ ఆయనకు ఉండటం సహజం. బంధువుల మాటలు సరేసరి. మాట్లాడుకోవాల్సిందే. దస్తావేజులో పేరు లేకున్నా కరెంటు బిల్లు, పిల్లల చదువు, సరుకులు ఆయన చూసుకుంటే ఆమె జీతం వాయిదాకు మిగులుతుంది. కొన్నేళ్లకు ఆయన చరిత్ర బాగుపడితే అప్పుడు పేరు చేర్చడం గురించి ఆలోచించొచ్చు. అప్పటికి అప్పు తీరకపోతే బ్యాంకు అనుమతి కావాలి, స్టాంపు ఖర్చూ ఉంటుంది.

మచ్చ మాపుకోవాలంటే

* దివాలా ప్రకటన, డిశ్చార్జి ఆర్డర్ల సర్టిఫైడ్ కాపీలు కోర్టు నుంచి తెచ్చి భద్రపరచాలి. డిశ్చార్జి రాకపోతే ఇల్లు చూసే ముందు న్యాయవాదిని కలవాలి.

* 'సెటిల్డ్' అని ఉంటే మిగిలిన మొత్తం కట్టేస్తామని బ్యాంకును అడగొచ్చు. కట్టాక బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకుని, నివేదికలో 'క్లోజ్డ్'గా మారిందో లేదో చూసుకోవాలి.

* తీరిన అప్పు తీరనట్టు చూపిస్తుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది.

* డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు, చిన్న బంగారం అప్పు... ఏదైనా సరే, గడువు తప్పకుండా కడితే కొత్త చరిత్ర మొదలవుతుంది.

* ఒకేసారి నాలుగైదు బ్యాంకుల్లో దరఖాస్తు చేయొద్దు. ప్రతి విచారణా నివేదికలో నమోదవుతుంది. ఎవరి నివేదిక వాళ్లు చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు.

* 'పదివేలివ్వండి, సిబిల్ క్లీన్ చేస్తాం' అనేవాళ్లను నమ్మొద్దు. నిజంగా ఉన్న బాకీని ఎవరూ చెరపలేరు. తప్పుగా పడినదాన్ని సరిచేయించుకోవడానికి డబ్బు అక్కర్లేదు.

* ఎక్కువ వడ్డీకి తీసుకోక తప్పకపోతే మారే వడ్డీ రుణమే ఎంచుకోవాలి. వ్యక్తులు తీసుకున్న ఇలాంటి గృహరుణాన్ని ముందే తీర్చినా, వేరే బ్యాంకుకు మార్చినా ముందస్తు చెల్లింపు రుసుము ఉండదు.

దాచొద్దు!

అప్పు తీర్చలేకపోవడం చాలామందికి జీవితంలో ఒక్కసారి వచ్చే కష్టం. దాన్ని భార్య దగ్గర దాచడం, దరఖాస్తులో దాచడం కొత్త కష్టానికి నాంది. పెళ్లికి ముందు నాటి బాకీ బ్యాంకు మేనేజరు గదిలో మొదటిసారి విన్న భార్య పరిస్థితి ఊహించుకోండి. అప్పు రాకపోవడం అప్పుడు చిన్న విషయమైపోతుంది.

అందుకే అపార్టుమెంట్లు చూడటానికి బయల్దేరే ముందు ఓ ఆదివారం ఇద్దరూ కూర్చోవాలి. నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇస్తాయి. ఆయనవి, ఆమెవి తీసి పక్కపక్కన పెట్టుకుని వరుసవరుసా చదవాలి. అడ్వాన్సు ఇవ్వాలో, ఏడాది ఆగాలో ఆ కాగితాలు చూశాక తేల్చుకోవచ్చు.