స్థిరపడ్డాకే సేవ అనే మాట ఇక చాలు

గుంటూరు, ఒంగోలు వైపు ఏ ఇంట్లోనైనా అమ్మాయి "రెండేళ్ళు ఆఫ్రికాలో వాలంటీరుగా పనిచేస్తాను, ఉండటానికి చిన్న గది, తిండికి సరిపడా భత్యం ఇస్తారు" అంటే వచ్చే జవాబు ఒకటే: "ముందు స్థిరపడు తల్లీ, సేవ తర్వాత చేద్దువుగాని." పెద్దలు దీన్ని లోకజ్ఞానం అనుకుంటున్నారు. ఇది పిల్లల మంచి వయసును తినేసే మాట.

చిన్న గది అంటే అంత బెంగ దేనికి? పొలం తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కు పంపిన పిల్లలు డాలస్‌లో ఎలా ఉంటున్నారో మనకు తెలియదా? రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురు. హాల్లో నేలమీద పరుపులు, గోడవారన సూట్‌కేసులు, వంతులవారీగా వంట, అందరికీ ఒకటే రైస్ కుక్కర్. ఆ వంటింటికే కదా కొరియర్ దుకాణంలో తూకం వేయించి కారప్పొడి, గోంగూర పచ్చడి పంపుతున్నాం! ఆ ఇరుకు చూసి "కష్టపడుతున్నాడు, పైకొస్తాడు" అని నలుగురికీ చెప్పుకుంటాం. అదే ఇరుకులో సేవ కోసం ఉంటానంటే బిడ్డ దారి తప్పినట్టు కుమిలిపోతాం. మన అభ్యంతరమంతా జీతం రాదనే. ఆ సంగతి సూటిగా ఒప్పుకుందాం.

"మన ఊళ్ళో పేదలు లేరా?" అనే ప్రశ్న ఇంకొకటి. ఉన్నారు. ఏటా మిరపకాయ కోతలకు ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి చేల పక్కన గుడారాలు వేసుకుంటారు. బడి మానేసిన ఆ పిల్లలకు చదువు చెప్పడానికి ఈ ప్రశ్న వేసేవాళ్ళలో ఎందరు వెళ్తున్నారు? వెళ్తే వాళ్ళకు దణ్ణం పెడతాను. వెళ్ళకుండా ఆ పేదల పేరు చెప్పి ఇంకొకరి ప్రయాణం ఆపడం అన్యాయం.

ఈ ప్రశ్నే పెన్సిల్వేనియాలో గెలిచి ఉంటే మన గుంటూరు గతేమిటి? అక్కడి నుంచి డాక్టర్ అన్నా శారా కుగ్లర్ 1883లో ఇక్కడికి వచ్చేనాటికి ఆమెకు 27 ఏళ్ళు. పంపిన మిషన్ బోర్డు ఆమెను వైద్యానికి కాక బోధన పనికి నియమించింది. ఆమె మాత్రం వైద్యం మానలేదు. రెండేళ్ళ తర్వాత, 1885లో, బోర్డే ఆమెను వైద్యురాలిగా గుర్తించింది. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి కూడా ఇష్టపడని ఇళ్ళ ఆడవాళ్ళకు ఆమె దిక్కయింది. 1898లో ఆస్పత్రి తెరిచారు. ఆమె 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. మతప్రచారానికి వచ్చిందంటారు. మిషనరీయే, కాదనను. ఆ ఆస్పత్రిలో పురుడు పోసుకున్న తల్లులకు అందిన వైద్యం మాత్రం అబద్ధం కాదు. ఆమె స్థిరపడ్డాక వద్దామని ఆగి ఉంటే ఆ మొదటి 15 ఏళ్ళ పునాది ఎవరు వేసేవారు?

స్థిరపడ్డాక చేసే సేవా ఉంది: ప్రవాస వైద్యులు మన గుంటూరు పెద్దాసుపత్రికి భవనాలు కట్టించారు. గొప్ప పని. కానీ డబ్బు పంపడం వేరు, మంచం పక్కన నిలబడటం వేరు. పరాయి ఊరి భాష నేర్చుకోవడానికి, వాళ్ళ వంటకు అలవాటుపడటానికి, వాళ్ళ నమ్మకం సంపాదించడానికి పాతికేళ్ళ వయసుకున్న ఓపిక అరవైలో ఉండదు. ఆ చిన్న గదికి ఖర్చు తక్కువ కాబట్టే ఇవన్నీ కుదిరేంతకాలం అక్కడ ఉండగలుగుతారు.

పది రోజులు వెళ్ళి ఫొటోలు దిగి రావడాన్ని నేను వెనకేసుకురావడం లేదు. చేతిలో పని ఉండాలి, నర్సింగో, పాఠం చెప్పడమో, సేద్యమో. 1970లో మొదలైన ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం వంటివి ఇలాంటివాళ్ళకే భత్యమిచ్చి పంపుతున్నాయి.

కనుక తల్లిదండ్రులకు నా మనవి ఇది. బిడ్డ వెళ్తానన్నప్పుడు సంస్థ ఏది, భత్యమెంత, ఆరోగ్య బీమా ఎవరిది, తిరుగు టికెట్ ఎవరిస్తారు అని గట్టిగా అడగండి. జవాబులు సరిగా ఉంటే కారప్పొడి డబ్బా కట్టి పంపండి.