చక్రాల ఇంట్లో దీపాలు, అరలు



ఈ నెల ఈ పేజీని ఒక్క ఉత్తరానికే కేటాయిస్తున్నాను. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటున్న ఒక సహోదరి ఇలా రాశారు: "మేము కొత్తగా ఒక ట్రావెల్ ట్రైలరు కొనుక్కుంటున్నాము. మాకు ఇద్దరు పిల్లలు. వచ్చే వేసవిలో తెనాలి నుండి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తారు. వారిని గ్రాండ్ కాన్యన్‌కు, వీలైతే ఎల్లోస్టోన్‌కు కూడా తీసుకువెళ్ళాలని మా కోరిక. హోటలు తిండి వారికి పడదు. మామయ్యగారు రాత్రిపూట రెండు మూడుసార్లు లేస్తారు, చూపు కూడా తగ్గింది. అత్తయ్యగారు ఇన్సులిన్ తీసుకుంటారు. దీపాలు, అరలు ఏవేవి కావాలో గుర్తుపెట్టి, పది రోజుల్లో సంతకం చేసి ఇమ్మని డీలరు నాలుగు పేజీల కాగితం చేతికిచ్చాడు. మా వారికి బయట రంగురంగుల దీపాలు కావాలట. నాకేమో ఎన్ని అరలుంటే అంత మంచిదనిపిస్తోంది. ఏవి ఎంచుకోమంటారు?"

ఈ బండి సంగతి తెలియనివారికి ఒక మాట. ట్రావెల్ ట్రైలరుకు ఇంజను ఉండదు. పికప్ బండికో పెద్ద కారుకో వెనక తగిలించుకొని లాక్కుపోయే చక్రాల ఇల్లు అది. పడకలు, పొయ్యి, ఫ్రిజ్, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. అమెరికాలో ఇలాంటివాటిలో ఎక్కువ భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌కార్ట్ పట్టణ పరిసరాల్లోనే తయారవుతాయి. పెద్ద కర్మాగారాలవారు ఇది కావాలంటే అది కూడా తీసుకోవాలని మూటగట్టి అమ్ముతారు. చిన్న కర్మాగారాలవారు కొనేవారి మాట కాస్త ఎక్కువగా వింటారు.

సహోదరీ, మీ వారి దీపాల సంగతి తరువాత చూద్దాం. ముందు మీ అరల సంగతే మాట్లాడాలి, ఎందుకంటే అపాయం ఉన్నది వాటిలోనే.

ఇంట్లో అర ఖాళీగా ఉంటే సామాను పెట్టుకోవచ్చని అర్థం. ట్రైలరులో అలా కాదు. చోటు ఉన్నా మోయగలిగే శక్తి ఉండకపోవచ్చు. ఉదాహరణకు, ఒక ట్రైలరు మొత్తం బరువు 7,000 పౌండ్లు దాటకూడదని తయారుచేసినవారు నిర్ణయించారనుకోండి. అది ఖాళీగా 5,900 పౌండ్లు తూగితే, మీరు వేసుకోగలిగేది 1,100 పౌండ్లు. అందులో నీళ్ళు కూడా లెక్కే. ఒక గాలను నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నింపితే 332 పౌండ్లు అక్కడే పోయాయి. మిగిలిన 768 పౌండ్లలో ఆరుగురి బట్టలు, పక్కలు, గిన్నెలు, బియ్యం, మడత కుర్చీలు, పనిముట్లు, గొట్టాలు, రెండో బ్యాటరీ అన్నీ సర్దుకోవాలి. కొత్తగా చేయించుకొన్న అలమరా చెక్కకే ముప్ఫై నలభై పౌండ్లు పోతే, దానిలో పెట్టుకోవడానికి అంత తగ్గినట్టే కదా!

బ్రోచరులో అచ్చు వేసిన అంకెను చూసి నమ్మవద్దు. చాలా బ్రోచర్లలో అది అదనపు వస్తువులేవీ చేర్చని బండి బరువు. నమ్మవలసింది బండి తలుపు లోపలివైపు అంటించే పసుపు చీటీని. సరుకు బరువు ఇంతకు మించరాదని పౌండ్లలోను, కిలోల్లోను దానిమీద రాసి ఉంటుంది. అది అక్కడి ప్రభుత్వ నిబంధన. బండి తయారై వచ్చాక, మీకు అమ్మేలోపు డీలరు ఇంకా 100 పౌండ్లకు మించి ఏవైనా బిగిస్తే ఆ అంకెను సవరించాలి కూడా. బరువు మించితే ఏమవుతుందంటారా? టెక్సాస్, అరిజోనా ఎండల్లో టైర్లు వేడెక్కి పేలతాయి. పల్లంలో బ్రేకులు చాలవు. లోపల మనుషులెవ్వరూ కూర్చోకూడదు కాబట్టి అందరూ ముందు బండిలోనే ఉంటారు, నిజమే. కాని వెనుక ట్రైలరు అదుపు తప్పితే ముందు బండిని కూడా లాక్కుపోతుంది.

బరువు ఎంత అన్నదొక్కటే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. ట్రైలరు మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. 6,800 పౌండ్ల ట్రైలరుకు అది 680 నుండి 1,020 పౌండ్లు. అంతకంటే తగ్గితే, అంటే వెనకవైపు అరల్లో బరువులు నింపితే, వేగంగా పోతున్నప్పుడు ట్రైలరు తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ముందువైపు మరీ ఎక్కువైతే ఆ భారం పికప్ బండి వెనక చక్రాల మీద పడుతుంది. ఆ కొక్కెం బరువు, బండిలో కూర్చున్న ఆరుగురి బరువు కలిపి, డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉన్న అంకె దాటకూడదు. ఈ లెక్క చూడకుండా ట్రైలరు కొనేవాళ్ళు చాలామంది ఉంటారు. డీలరు తనంతట తాను చెప్పాలని కూడా ఏమీ లేదు.

అందుచేత వెనక గోడకు పెద్ద అలమరా, దానిపైన మరో అర అన్న దాన్ని కొట్టివేయండి. చక్రాలకు దగ్గరగా, నేల మట్టానికి రెండు లోతైన సొరుగులు అడగండి. కుక్కరు, పెనం, 20 పౌండ్ల బియ్యం సంచి, పప్పుడబ్బాలు అక్కడ ఉండాలి. పై అరల్లో బట్టలు, తువ్వాళ్ళు, అటుకులు, మరమరాల వంటి తేలికైనవే. ప్రతి సొరుగుకు, ప్రతి తలుపుకు గట్టిగా పట్టే గడియ కావాలి. మెత్తగా మూసుకొనే తలుపులు ఇంట్లో అందం గాని, గతుకుల రోడ్డు మీద వాటంతటవే తెరుచుకొని సామాను కింద పోస్తాయి. మన స్టీలు కంచాలకు ఏమీ కాదు. గాజు సీసాలోని ఆవకాయను మాత్రం ముందుగానే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. గ్రైండరు ఇంటి దగ్గరే ఉంచండి. రెండు లీటర్ల గ్రైండరే ఇరవై పౌండ్ల పైమాట. పైగా క్యాంపులో కరెంటు లేకపోతే అది ఉత్త రాయే.

ట్రైలరు ప్రక్కగోడ బయటకు జరిగే స్లయిడ్ ఉన్న బండైతే, డీలరు దగ్గరకు వెళ్ళి దాన్ని పూర్తిగా మూయించి లోపలికి అడుగుపెట్టండి. ఫ్రిజ్ తెరుచుకుంటుందా? మరుగుదొడ్డికి దారి ఉందా? దారిలో మధ్యాహ్నం చెట్టుకింద ఆపి అన్నం తినాలన్నా, ఇన్సులిన్ తీయాలన్నా అది తెలియాలి. తలుపు ప్రక్కన చెప్పులకు ఒక చిన్న పెట్టె అడగండి. లోపలికి చెప్పులతో రాని ఇళ్ళు మనవి. మరుగునీటి గొట్టానికి, మంచినీటి గొట్టానికి బయట వేరు వేరు అరలు ఉండాలి. దీనిలో సర్దుబాటు వద్దు.

ఇక దీపాలు. ఒక సూత్రం పెట్టుకోండి. గోడ వెనక ఉండేది కర్మాగారంలోనే చేయించుకోవాలి, గోడ మీద ఉండేది తరువాత కొనుక్కోవచ్చు. ట్రైలరు గోడకు పైన వేసేది పలచని చెక్క రేకు. బిగించిన స్క్రూ వెనక గట్టి కర్ర దొరికితేనే నిలుస్తుంది. కాబట్టి ప్రతి పడక దగ్గర దీపానికి వైరు, స్విచ్చి, తరువాత ఏదైనా తగిలించుకొనేందుకు గోడలో కర్ర, ఇవి ఇప్పుడే రాయించండి. అంటించుకొనే చిన్న దీపాలు, హుక్కులు, వలలు బజారులో చవకగా దొరుకుతాయి. వాటిని కర్మాగారం ధరకు కొని, ట్రైలరు అప్పులో కలిపి ఏళ్ళ తరబడి వడ్డీ కట్టడం దేనికి?

మామయ్యగారి కోసం నేనైతే ఇలా రాయిస్తాను. వారి పడక నుండి మరుగుదొడ్డి వరకు గోడ అడుగున, మోకాలి కంటే కిందుగా, పసుపు కాంతినిచ్చే రెండు మూడు చిన్న దీపాలు. మనిషి కదిలితే వాటంతటవే వెలగాలి. చీకట్లో స్విచ్చి కోసం తడుముకొనేటప్పుడే పెద్దవాళ్ళు పడిపోతారు. పైకప్పులోని పెద్ద దీపం ఒక్కసారి వెలిగితే కళ్ళు జిగేల్మంటాయి, పిల్లలు లేస్తారు. వయసు మళ్ళిన కంటికి వెలుగు ఎక్కువ కావాలి, జిగేలు మాత్రం తక్కువ కావాలి. మందులు చూసుకొనే చోట, వంటగట్టు మీద మంచి వెలుగు ఉంచండి. పడకల దగ్గర తగ్గించి పెంచుకొనే వీలుండాలి. దీపపు కాంతిని కెల్విన్ అంకెలతో చెబుతారు. పడకలకు 2,700 నుండి 3,000 లోపు అడగండి. 5,000 దాటినది ఆసుపత్రి వార్డులా తెల్లగా ఉండి నిద్రను చెడగొడుతుంది. తలుపు బయట మెట్ల మీద పడేలా ఒక దీపం, దాని స్విచ్చి నేల మీద నిలబడి అందుకొనే ఎత్తులో ఉండాలి. ఆ దీపం పసుపు రంగుదైతే పురుగులు కూడా తక్కువగా మూగుతాయి.

దీపాలన్నీ ఎల్.ఇ.డి.లే కావాలని రాయించండి. కొత్త బండ్లలో మామూలుగా అవే వస్తాయి గాని, పాత సరుకు ఏ మూలనైనా మిగిలి ఉండవచ్చు. పాతకాలపు చిన్న బల్బు ఒక్కటి 12 ఓల్టుల మీద సుమారు 1.4 ఆంపియర్లు తాగుతుంది. పది బల్బులు నాలుగు గంటలు వెలిగితే 56 ఆంపియర్-అవర్లు. మామూలు సీసం బ్యాటరీ ఒకటి 80 వరకు ఉన్నా, అది చెడిపోకుండా వాడుకోగలిగేది అందులో సగమే. అంటే మొదటి రాత్రికే బ్యాటరీ పని సరి! అదే వెలుగు ఎల్.ఇ.డి.తో అయితే ఒక్కోదానికి 0.2 ఆంపియర్లు చాలు. నాలుగు గంటలకు మొత్తం 8.

ఈ లెక్క మీకు ఎందుకు పట్టాలంటే, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున మేథర్ క్యాంపులో కరెంటు తగిలించుకొనే వసతి లేదు. ఆ వసతి ఉన్న ట్రైలర్ విలేజ్ దగ్గరలోనే ఉంది గాని, అక్కడ చోటు ముందుగా రిజర్వు చేసుకోవాలి. ఎల్లోస్టోన్ పార్కు లోపల ఆ వసతి ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గరి క్యాంపు ఒక్కటే. ఇప్పుడు చాలా కొత్త ట్రైలర్లలో ఫ్రిజ్ కూడా గ్యాసు మీద గాక 12 ఓల్టుల బ్యాటరీ మీదే రాత్రింబగళ్ళు నడుస్తుంది. అత్తయ్యగారి ఇన్సులిన్ ఉండేది దానిలోనే. కాబట్టి అలంకారపు దీపాలకు పెట్టే డబ్బు లిథియం బ్యాటరీకి, లేదా కప్పు మీద సోలారు పలకకు వైరు వేయించడానికి పెట్టండి. లిథియం బ్యాటరీ సీసం దానికంటే తేలిక, అందులో నిల్వ ఉన్నది దాదాపు అంతా వాడుకోవచ్చు.

ఇంకొక సంగతి. ట్రైలరు కొక్కెం దారిలో ఊడిపోతే, ఒక తాడు లాగబడి ట్రైలరు బ్రేకులు వాటంతటవే పట్టుకొనే ఏర్పాటు ఉంటుంది. ఆ బ్రేకులకు కరెంటు వచ్చేది ఈ బ్యాటరీ నుండే. రాత్రంతా దీపాలు వెలిగించి దాన్ని ఖాళీ చేసి తెల్లారి బయలుదేరితే, అవసరమైన క్షణాన అవి పట్టవు.

మీ వారి రంగుదీపాల మాటకు వద్దాం. బయటి గుడ్డపందిరి కింద ఒక వరుస దీపాలు ఉంటే తప్పేమీ లేదు. రాత్రి భోజనానికి పనికివస్తుంది. అయితే వెలుగు తగ్గించుకొనే వీలున్న, లేత పసుపు కాంతి వరుస ఒక్కటి చాలు. మీ టెక్సాస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ పార్కు 2012లోను, గ్రాండ్ కాన్యన్ 2019లోను చీకటి ఆకాశపు పార్కులుగా గుర్తింపు పొందాయి. నక్షత్రాలు చూద్దామని దూరం నుండి వచ్చిన పక్కవారి కళ్ళలో మన నీలం, ఎరుపు దీపాలు పొడవడం మర్యాద కాదు. పిల్లలు కూడా ఆ ఆకాశాన్ని ఒక్కసారైనా చూడాలి కదా.

సామాను సర్దేటప్పుడు మూయకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. పడక పక్కన ఎర్ర పిడి ఉన్న కిటికీ అగ్ని ప్రమాదంలో బయటపడే దారి, దాని ముందు అర బిగించనివ్వవద్దు. నేల దగ్గర ఉండే గ్యాసు సూచికకు చెప్పులు, సంచులు అడ్డం పెట్టవద్దు. గ్యాసు గాలికన్నా బరువు గనుక అది కిందుగానే ఉంటుంది. హీటరు గాలి పీల్చుకొనే జల్లెడ ముందు కూడా ఏమీ ఉంచరాదు. మంటలార్పే సిలిండరు తలుపు పక్కన కనబడేలా ఉండాలి, అర లోపల కాదు.

సంతకానికి ముందు డీలరును రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు అడగండి. మీరు గుర్తుపెట్టిన అదనపు వస్తువుల బరువు మొత్తం ఎంత? అవన్నీ చేర్చాక పసుపు చీటీ మీద అంకె సుమారు ఎంత ఉంటుంది? చెప్పలేనంటే, చెప్పగలిగేదాకా సంతకం ఆపండి, పది రోజుల గడువు దాటినా సరే. బండి ఇంటికి వచ్చాక, మొదటి ప్రయాణానికి ముందు, హైవే పక్క ట్రక్కు స్టాపులో ఉండే తూకం మీదికి ఎక్కించండి. ఆ రోజు నీళ్ళ ట్యాంకు నింపి, అరలన్నీ సర్ది, ఆరుగురూ ముందు బండిలో కూర్చున్నాకే తూయించండి.