పక్కనున్నవాడు

వారానికొకనాడు గుడికో చర్చికో వెళ్ళి దేవుణ్ణి పలకరించి వస్తాం. తక్కిన ఆరు రోజులూ ఆయన ఇంట్లో ఆయన, మన ఇంట్లో మనం!

మొన్న మాఘమాసంలో మా ఊరి కల్లంలో మిరపకాయలు బస్తాల కెత్తిస్తున్నాను. కూలికి వచ్చిన వాళ్ళలో ఒక క్రైస్తవురాలు, పండు ముసలిది.

“అవ్వా, కాసిని నీళ్ళు చిలకరించు. కాయ విరగదు, తూకమూ నిలుస్తుంది” అన్నాను.

అవ్వ చెంబు ముట్టుకోలేదు. “ప్రభువు ఇక్కడే ఉన్నాడు బాబూ!” అంది.

“చూస్తాడని భయమా?” అన్నాను నవ్వుతూ.

“భయమెందుకయ్యా? పొద్దుటినుంచీ నాతోపాటు ఎండలోనే ఉన్నాడు. ఆయన్ని పక్కన పెట్టుకుని ఈ పనెట్లా చేసేది?”

ఎం.ఏ. చదివిన నాకు జవాబు తోచలేదు. నేను దేవుణ్ణి కావలివాడనుకున్నాను. ఆమెకు ఆయన తోడు. కావలివాడు కునుకుతాడేమోనని కాచుకోవచ్చు. తోడున్నవాడి మనసు నొప్పించడానికి చెయ్యి రాదు. పదిహేడో శతాబ్దిలో పారిస్ మఠంలో వంటపని చేసిన లారెన్సు అనే సన్యాసి కూడా గిన్నెల మధ్య ఈ తోడునే ఎరిగాడు.

1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఒక్కరోజూ చరిత్రకెక్కింది. మర్నాటినుంచి వాళ్ళు పొలాల్లో గడిపిన రోజుల నెవరు వ్రాశారు? అవి ఇటువంటి అవ్వల దగ్గరే తెలుసుకోవాలి.

చెంబులో నీళ్ళు వేపచెట్టు మొదట్లో పోశాను. బస్తాలు కాస్త తక్కువే తూగాయి. ఇంటికి వెళుతుంటే మాత్రం నా మనసు తేలికగా ఉంది.