పాలు పొంగించడానికి పది రోజులు

1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు డాక్టర్లు ఒక పట్టిక తయారు చేశారు. మనిషి జీవితంలో వచ్చే 43 మార్పులకు, ఒక్కోటి ఎంత ఒత్తిడి పెడుతుందో చూసి, మార్కులు వేశారు. భార్యో భర్తో పోతే 100. విడాకులకు 73. క్రిస్మస్ పండక్కి కూడా 12 ఇచ్చారు. సంక్రాంతికి మా ఇంటికొచ్చే చుట్టాల్ని చూసుంటే కనీసం ముప్ఫై ఇచ్చేవాళ్ళు. ఆ పట్టికలో ఇల్లు మారడానికి 20, వేరే రకం పనిలోకి మారడానికి 36. రెండూ కలిపితే 56. ఏడాదిలో 150 దాటకపోతే పెద్దగా భయపడక్కర్లేదని వాళ్ళ లెక్క. అంటే ఇల్లూ ఉద్యోగమూ ఒకేసారి మారినా మనిషి హాయిగా పాస్ అన్నమాట.

సీఎస్ఈ వాళ్ళకి ఈ లెక్కలో బగ్ ఎక్కడుందో వెంటనే కనపడాలి. ఇల్లు మారడం ఒక్క లైను కోడ్ కాదు, ఫంక్షన్ కాల్. పైకి ఒక్క లైనే, లోపల ఇంకో పది ఫంక్షన్లు రన్ అవుతాయి.

మాది కోట. గూడూరులో రైలు దిగి సముద్రం వైపు పోయే బస్సెక్కితే వస్తుంది. (2022 ఏప్రిల్ 4న మేం ఇంట్లో కూర్చునే నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకి మారిపోయాం. అడ్రస్ మారినా సామాను సర్దక్కర్లేని మార్పు మా జీవితంలో అదొక్కటే.) నాన్న అక్కడ రొయ్యల మేత కొట్టులో పదమూడేళ్ళు లెక్కలు రాశాడు. కొట్టు మూసేశారు. శ్రీసిటీలో ఒక కంపెనీ స్టోర్స్‌లో పని దొరికింది. కాబట్టి కాపురం సూళ్ళూరుపేటకి. డల్లాస్ వెళ్ళిన సీనియర్లు ఈ దూరం వింటే నవ్వుతారు. కానీ అదే పట్టిక పెట్టుకుని మా ఇంటికి లెక్క వేశాను. ఇల్లు 20, పని 36. డబ్బు పరిస్థితి మారింది, 38. ఉండే తీరు మారింది, 25. షిఫ్టుల వల్ల నిద్ర, 16. తిండి వేళలు, 15. చుట్టాలతో కలిసేది తగ్గింది, 15. బయట తిరుగుళ్ళు, 18. తమ్ముడి స్కూలు, 20. అది నాన్న మార్పు కాదు కానీ, ఇంటి లెక్క కదా, కలిపేశాను. ఇక పట్టికలో ఇంకో ఐటమ్ ఉంది: భార్య ఉద్యోగంలో చేరడం లేదా మానడం, 26. మొత్తం 229. అంటే వాళ్ళ లెక్క ప్రకారమే మధ్యస్థం ప్రమాదం.

ఆ చివరి ఐటమ్ ఇంకోసారి చదవండి. భార్య పని మానితే భర్తకి 26 పాయింట్లు. మరి భార్యకి?

మా అమ్మ కోటలో మిషను కుట్టేది. జాకెట్లు, లంగాలు, ఫాల్, పికో. బోర్డు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మా వీధి నుంచి వాకాడు రోడ్డు దాకా ఎవరి జాకెట్ కొలత ఎంతో అమ్మకి నోటికొచ్చు. సూళ్ళూరుపేటలో మిషను కిటికీ పక్కన పెట్టుకుని కూర్చుంటే రెండు నెలలు ఒక్కరూ రాలేదు. నాన్న ఉద్యోగం మారితే దానికి ఆఫర్ లెటర్ ఉంది. అమ్మ ఉద్యోగం పోతే అది ఉద్యోగమని కూడా ఎవరూ అనలేదు. "ఇంట్లోనే ఉంటాది కదా, ఆమెకేం ఇబ్బంది" అన్నారు చుట్టాలు. ఆ పట్టిక రాసినవాళ్ళని ఏమనగలం. మన చుట్టాలే 1967లో ఉన్నారు.

ఒత్తిడి తగ్గించుకునే చిట్కాలు నెట్‌లో బోలెడు. లిస్టు రాసుకోండి, గట్టిగా ఊపిరి తీసుకోండి, అక్కర్లేని సామాను పారేయండి. మూడోది మా అవ్వ ముందు ఎవరన్నా చదివి చూడండి. ఆమె రోకలి కూడా లారీలోకి ఎక్కించింది. చిట్కాలు అబద్ధమని నేనను. నాన్నకి మూడు వారాలు నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయమని నేనే చెప్పాను. టెలీ మానస్ అని 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్‌లో ఉన్నవాళ్ళూ సేవ్ చేసుకోండి. కానీ ఈ సలహాలన్నీ ఒత్తిడి మన బుర్రలో ఉందనుకుంటాయి. నా ఉద్దేశంలో అది చాలావరకు క్యాలెండర్లో ఉంది.

ఎందుకంటే చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 1979 నుంచి జాయినింగ్ టైమ్ రూల్స్ ఉన్నాయి. బదిలీ వల్ల ఇల్లు మారాల్సొస్తే, వెయ్యి కిలోమీటర్ల లోపైతే 10 రోజులు, రెండు వేల దాకా 12, ఆపైన 15. ఆ రోజుల్ని డ్యూటీ కిందే లెక్క వేస్తారు, జీతం వస్తుంది. సామాను ఖర్చుకి విడిగా డబ్బిస్తారు. అంటే ఇల్లు మారడం కూడా ఒక పని అని, దానికి రోజులు పడతాయని నలభై ఏళ్ళ కిందటే ఎవరో కూర్చుని కాగితం మీద రాశారు. ఇప్పుడు మన సీనియర్ల ఆఫర్ లెటర్లు చూడండి. కంపెనీ వదిలి వెళ్ళాలంటే అరవై రోజులు, తొంభై రోజులు నోటీసు. చేరాలంటే సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి. పని అప్పగించడానికి తొంభై రోజులు పడుతుందని ఒప్పుకునేవాళ్ళు, ఇల్లు అప్పగించడానికి ఒక్క పూట కూడా పట్టదని ఎలా అనుకుంటారో నాకర్థం కాదు.

"బదిలీ అంటే యజమాని చేసేది, కొత్త ఉద్యోగం నువ్వు కోరుకున్నది, రెండూ ఒకటెలా అవుతాయి" అని మా క్లాస్‌మేట్ వాదించాడు. మంచి పాయింటే. కానీ కొట్టు మూసేశాక దొరికిన ఉద్యోగం కోరుకున్నదా? ఒకవేళ కోరుకున్నదే అనుకుందాం. గ్యాస్ కనెక్షన్ మార్చేవాడు, టీసీ ఇచ్చే స్కూలు, అడ్వాన్స్ అడిగే ఓనరు, నువ్వు కోరుకున్నావా లేదా అని చూసి తొందరగా పని చేస్తారా?

మా ఇంట్లో ఆ రోజులు కంపెనీ ఇవ్వలేదు, ఆషాఢం ఇచ్చింది. నాన్న చేరాల్సింది జూలై 1. ఆషాఢంలో ఇల్లు మారేది లేదని అవ్వ తేల్చేసింది. దాంతో నాన్న ఒక్కడే వెళ్ళి తడలో ఇంకో ఇద్దరితో రూములో ఉన్నాడు. గ్రహాల సంగతి నాకు తెలీదు గానీ, ఆ నెల చాలా పనికొచ్చింది. ప్రొడక్షన్ సర్వర్ మార్చేరోజే డేటాబేస్ కూడా మార్చకూడదని ల్యాబ్‌లో సార్ చెప్తారు కదా, అదే. ఉద్యోగం ముందు, ఇల్లు తర్వాత. నాన్నకి షిఫ్టు బస్సు ఎక్కడాగుతుందో తెలిసింది, ఏ వీధిలో నీళ్ళు ఎండాకాలం రావో తెలిసింది. తొమ్మిది ఇళ్ళు చూశాడు. అందులో నాలుగు చోట్ల అద్దె ఎంతో చెప్పకముందే "మీరు ఏమిట్లు?" అన్నారు. ఇంకో చోట అదే ప్రశ్నని మర్యాదగా "నాన్‌వెజ్ తింటారా" అని అడిగారు. నెల్లూరు సీమ మనిషిని పట్టుకుని చేపల పులుసు తింటావా అని! ఈ ఐటమ్ 43లో లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో అడ్వాన్స్ రెండు నెలల అద్దెకి మించకూడదని ఉంది. ఓనర్ల దగ్గర అది చదివి వినిపించే ధైర్యం నాన్నకి లేదు, నాకైతే అసలే లేదు.

శ్రావణంలో మంచిరోజు చూసి దిగారు. అవ్వ ముందు ఉప్పు, పసుపు, కందిపప్పు, దేవుడి పటం లోపల పెట్టింది. గ్యాస్ ఇంకా రాలేదు కాబట్టి పాలు ఇండక్షన్ స్టవ్ మీద పెట్టారు. పొంగి కింద పడగానే అది బీప్ బీప్‌మని ఆగిపోయింది. అవ్వ శకునం అంది. తమ్ముడు సెన్సర్ అన్నాడు. వాడికి మాత్రం ఆ నెల కలిసి రాలేదు. స్కూళ్ళు జూన్‌లోనే తెరిచారు, వాడు ఆగస్టులో వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు, యూనిఫామ్ వేరే రంగు.

ప్రభుత్వం తన వాళ్ళని కదిలించినప్పుడు ఎంత చేసిందో కూడా చూడాలి. 2016లో ఏపీ సెక్రటేరియట్ హైదరాబాద్ నుంచి వెలగపూడికి వచ్చింది. ఉద్యోగులకి వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు, వసతి చూపించారు. పిల్లల చదువులకి స్థానికత పోకుండా, 2014 జూన్ 2 నుంచి మూడేళ్ళలోపు వచ్చేవాళ్ళని లోకల్ కిందే లెక్క వేసేలా రాష్ట్రపతి ఉత్తర్వు మార్చారు. ఆ గడువు తర్వాత పొడిగించారు కూడా. అయినా చాలామంది కుటుంబాన్ని హైదరాబాద్‌లోనే ఉంచి శుక్రవారం వెళ్ళి సోమవారం వచ్చేవాళ్ళు. వాళ్ళ మీద జోకులు చాలా విన్నాను. నాకు వాళ్ళు మా నాన్న తడ రూములాంటి పనే చేశారనిపిస్తుంది. రెండు మార్పుల్ని విడదీసుకున్నారు.

ఇక అసలేమీ దొరకని వాళ్ళు. సూళ్ళూరుపేట నుంచి పులికాట్ దాటి పోయే రోడ్డు శ్రీహరికోటకి వెళ్తుంది. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచి ఆ అడవిలో యానాదులు ఉన్నారు. తేనె, దుంపలు, మూలికలు, చేపలు. ఇల్లూ, పనీ, తిండీ అన్నీ ఒకే అడవి. కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు బయటికి రావాల్సొచ్చింది. ఏ చెట్టు వేరు ఏ జబ్బుకో తెలిసిన మనిషి ఆ తెలివిని కూలిపనిలో ఎక్కడ చూపిస్తాడు? రాకెట్ లేచినప్పుడల్లా మేడ మీద నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళలో నేనూ ఉన్నా, ఇస్రో అంటే గర్వమే. గర్వం ఉంటే లెక్క అడగకూడదని ఎక్కడా లేదు. ఇప్పటికీ మా తీరం పొడుగునా రొయ్యల గుంటల గట్ల మీద గుడిసెల్లో కాపలా ఉండేది ఎక్కువగా యానాదులే. గుంట లీజు అయిపోతే కాపలా పోతుంది, కాపలా పోతే గుడిసె పోతుంది. ఒకే సాయంత్రం రెండూ. నాన్న లెక్కలు రాసిన మేత బస్తాలు వెళ్ళింది ఆ గుంటలకే.

ఫైనలియర్ వాళ్ళకి కొన్ని నెలల్లో జాయినింగ్ మెయిల్స్ వస్తాయి. చెన్నై అని చెప్పి పూణే అనే మెయిళ్ళూ ఉంటాయి. ప్లేస్‌మెంట్ సెల్ పంపే షీట్లో ప్యాకేజీ, బాండ్, లొకేషన్ అని కాలమ్స్ ఉంటాయి కదా. అక్కడ ఇంకో కాలమ్ కావాలని మన క్లబ్ తరఫున రాసి ఇస్తున్నాం: ఊరు చేరిన రోజుకీ, పని మొదలయ్యే రోజుకీ మధ్య జీతంతో ఎన్ని రోజులు? మొదట్లో అన్ని కంపెనీలకీ సున్నానే వస్తుంది. రానివ్వండి, ఆ సున్నా అందరికీ కనపడేలా షీట్లో ఉండాలి. సంతకాలు హాస్టల్ నోటీసు బోర్డు దగ్గర పెట్టాం, పెన్ను మీరే తెచ్చుకోండి, పెట్టినవి మూడు పోయాయి.